పైడమ్మ నవల పని డైరీ: ఆమె జవాబులు, ఎవరూ రాయని ప్రశ్నలు

జూన్, మొదటివారం

పైడమ్మ అన్న పేరుతో నేను రాస్తున్నది ఒక్క మనిషి కథ కాదు. మద్రాసు రేవు నుంచి దక్షిణాఫ్రికాలోని నాటల్‌కి వెళ్లిన కూలీ ఓడల జాబితాలు ముందేసుకుని, విశాఖపట్నం జిల్లా అని ఉన్న ఆడవాళ్ల వరసలన్నీ ఒక ఫైల్లోకి ఎక్కించుకుంటూ పోతే వాటి మధ్యలోంచి ఈమె తయారైంది. 1902లో ఓడెక్కుతుంది. ఇరవై రెండేళ్లు. సంకలో మూడేళ్ల ఆడపిల్ల. వెంట మొగుడు లేడు. ప్రస్తుతానికి ఇంతే ఖాయం, మిగతాది పని సాగేకొద్దీ తేలాలి.

ఈ చరిత్ర కొత్తగా వినేవాళ్ల కోసం నాలుగు ముక్కలు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి 342 మందిని తీసుకుని డర్బన్ చేరింది. నాటల్‌లో చెరకు తోటలు వేసిన తెల్లదొరలకి కూలీలు కావలసి వచ్చారు, మన దగ్గర పొట్ట గడవనివాళ్లు కావలసినంతమంది ఉన్నారు. మధ్యలో కొన్నేళ్లు ఆగినా, 1911లో పూర్తిగా ఆపేసేనాటికి అలా చేరినవాళ్లు 1,52,184 మంది. అందులో ఎక్కువమంది మద్రాసు రేవు నుంచే వెళ్లారు. వాళ్లలో తమిళులు ఎక్కువ, కానీ విశాఖపట్నం, గంజాం, గోదావరి, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్లూ తక్కువేం కాదు. ఒప్పందం ఐదేళ్లు. మగవాడికి మొదటి ఏడాది నెలకి పది షిల్లింగులు, ఆ తర్వాత ఏడాదికో షిల్లింగు పెంపు. ఆడవాళ్లకి జీతంలో సగం, రేషన్‌లోనూ సగం.

ఇంకొక నిబంధన ఉంది, నా నవల మొత్తం దాని మీదే నిలబడుతుంది. నూరుమంది మగవాళ్లని ఓడెక్కిస్తే నలభైమంది ఆడవాళ్లు ఉండి తీరాలి. ఆ నలభై నిండకపోతే ఓడ కదలదు. కాబట్టి రిక్రూటింగ్ మనుషులు ఒంటరి ఆడవాళ్ల కోసం వెతికేవాళ్లు: మొగుడు పోయినవాళ్లు, మొగుడు వదిలేసినవాళ్లు, అత్తింట్లో ఉండలేక బయటికొచ్చినవాళ్లు. తీరా వెళ్లాక అక్కడి అధికారులు ఆ ఒంటరితనాన్నే చూపించి, వీళ్లు నీతిలేని ఆడవాళ్లని రిపోర్టుల్లో రాసుకున్నారు. లెక్క కోసం కావలసి వచ్చినవాళ్లని, లెక్క తీరాక ఇంత మాట అనేశారు. ఇది చదివిన రోజు నుంచి ఈ నవల రాయకుండా ఉండడం నా వల్ల కాలేదు.

మనకి రంగం తెలుసు. ఉత్తరాంధ్రలో రంగూన్‌ని రంగం అనేవారు, బతుకుతెరువుకి రంగం వెళ్లొచ్చిన తాతల కబుర్లు ఇప్పటికీ ఇళ్లల్లో వినిపిస్తాయి. ఎందుకంటే వాళ్లలో చాలామంది తిరిగొచ్చారు, వచ్చి చెప్పారు. నాటల్ వెళ్లిన ఆడవాళ్లలో అక్కడే ఉండిపోయినవాళ్లు ఎక్కువ. ఇక్కడ చెప్పడానికి ఎవరూ లేరు, అక్కడ రెండు మూడు తరాలకి భాషే పోయింది.

జూన్, రెండోవారం

జాబితాలో ఏమేం గడులు ఉంటాయో రాసి గోడకి అంటించుకున్నాను. కొలోనియల్ నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, ఆడ/మగ, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు, ఎత్తు. అంతే. ఆ మనిషికి ఏం పని వచ్చు, ఎవర్ని వదిలి వచ్చింది, ఎందుకు వచ్చింది, వీటికి గడి లేదు. పారిపోతే పట్టుకోవడానికి ఏం కావాలో అవన్నీ ఉన్నాయి. (ఈ జాబితాలే ఇవాళ దక్షిణాఫ్రికాలోని భారత సంతతివాళ్లకి తమ ముత్తవ్వ ఊరేదో చెప్పే కాగితాలు. భారత సంతతివాళ్లకి మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డుకి అర్జీ పెట్టుకునేటప్పుడు రుజువుగా జతచేసేది కూడా వీటినే.)

కులం గడి దగ్గర చాలాసేపు ఆగాను. ఓడెక్కేముందు కూలీలని ఉంచే డిపోలో కొందరు కులం మార్చి చెప్పుకున్నారని చరిత్రకారులు రాశారు. తెలిసినవాడెవడూ పక్కన లేని చోట, జీవితంలో మొదటిసారి ఎవరో "నీ కులం ఏమిటి" అని అడిగి, ఏం చెబితే అదే రాసుకునే చోట, ఒక మనిషి మనసులో ఏం తిరిగి ఉంటుంది! ఇది ఒక పేరాతో తేలేది కాదు, దీనికి విడిగా ఒక అధ్యాయం పెడుతున్నాను. పైడమ్మ ఏం చెప్పిందో పాఠకుడికి తెలుస్తుంది. ఏం కాదో కూడా తెలుస్తుంది.

పని పద్ధతి ఇలా పెట్టుకున్నాను. నోట్‌బుక్‌లో ఎడమ పేజీ మీద తెలిసినవి, కుడి పేజీ మీద నేను ఊహించినవి. కుడి పేజీ ఎంత నిండినా ఫర్వాలేదు కానీ ఎడమ పేజీని కాదనే వాక్యం నవలలో ఒక్కటి కూడా ఉండకూడదు. ఉదాహరణకి, 1902 నాటికి వాల్తేరు నుంచి బెజవాడ మీదుగా మద్రాసు దాకా రైలు మార్గం ఉంది. కాబట్టి పైడమ్మ నడిచి నడిచి కాళ్లు బొబ్బలెక్కి మద్రాసు చేరడం కుదరదు, రాయడానికి ఎంత బాగున్నా సరే. ఆమె రైల్లో వెళ్తుంది. టికెట్ డబ్బులు తీసుకెళ్లేవాడు పెడతాడు, ఆ డబ్బుతోనే అతనికి లొంగిన మనిషవుతుంది. మధ్యలో దిగిపోదామన్నా దిగలేదు, ఆ చెయ్యి అప్పటికే చాపేసింది. నడకకంటే ఇదే నాకు ఎక్కువ భయంగా అనిపించింది.

జూన్ చివర

తిండి గురించి.

పరాయి దేశం వెళ్లిన కూలీ మనిషి తెల్లటి వరన్నం కోసం కలవరించడం ఇలాంటి కథల్లో అలవాటైన సన్నివేశం. పైడమ్మకి అది అతకదు. ఆ రోజుల్లో ఉత్తరాంధ్రలో కూలి చేసుకునే ఇంట్లో రోజూ వరన్నం ఎక్కడిది? చోడి (రాగి) అంబలి, గంట్లు (సజ్జలు), దొరికిన ఆకూ అలమూ. అన్నం పండగనాటి మాట. నాటల్‌లో రేషన్ కింద బియ్యం, పప్పు, నూనె, ఉప్పు ఇవ్వాలని ఉంది, బియ్యానికి బదులు మొక్కజొన్న పిండి కొలిచేవాళ్లు. వరన్నం తినే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు ఆ పిండి చూసి గోల పెడుతుంటే పైడమ్మ దాన్ని జావ కాచుకుని తాగేస్తుంది. ఆమెకి లేనిది పులుపు. అంబలి పులవాలంటే రాత్రంతా నానాలి, పులుపు పట్టిన పాత కుండ కావాలి, కొత్త కుండలో మొదటి కొన్నాళ్లు ఆ రుచి రాదు. ఆ కుండ ఆమె అత్తగారి ఇంట్లో ఉండిపోయింది. పదకొండు పేజీల అధ్యాయం ఈ ఒక్క కుండ చుట్టూ వచ్చింది, నాకు చాలా ఇష్టమైన అధ్యాయం ఇప్పటికి ఇదే.

సగం రేషన్ గురించి ఇంకా కోపంగా రాయాలి. ఆ సగం కూడా పనిలోకి వచ్చిన ఆడవాళ్లకే అని కొందరు యజమానులు పట్టుబట్టేవాళ్లు. కడుపుతో ఉండి పనికి రాలేని మనిషికి కొలత ఆపేసేవాళ్లు. అంటే సరిగ్గా ఇద్దరి తిండి కావలసిన నెలల్లో ఒక్కరి తిండి కూడా లేదు. అప్పుడు ఆమె ఎవరి గింజల్లో పాలు పంచుకోవాలి? లైన్లలో, అంటే కూలీల ఇళ్ల వరసల్లో, ఒంటరి ఆడది ఏదో ఒక మగవాడి పంచన చేరడం గురించి అధికారులు నీతి పాఠాలు రాశారు. కొలపాత్ర గురించి వాళ్లే రాయాల్సింది, రాయలేదు.

జులై

రుతువులన్నీ తిరగబడ్డాయి. క్యాలెండర్ పక్కన పెట్టుకుని ఏ నెలలో ఏ పనో రాసుకుంటే తప్ప అధ్యాయాలు కదలడం లేదు. నాటల్‌లో జూన్, జులై చలికాలం. జనవరి నడి ఎండాకాలం, వానలూ అప్పుడే. చెరకు నరికి మిల్లు ఆడించేది సుమారు మే నుంచి డిసెంబరు దాకా. అంటే మన సంక్రాంతికి అక్కడ కోతలు అయిపోయి, వానకి కలుపు ఏపుగా లేచి, ఆడవాళ్లందరూ పారలు పట్టుకుని వరసల మధ్య వంగి ఉంటారు. పండిన పంట ఇంటికి రాని సంక్రాంతి. అసలు ఆ రోజు సంక్రాంతి అని ఆమెకి ఎవరు చెబుతారు? నెల చూసుకోవడానికి పంచాంగం చెప్పే అయ్యవారు లేడు, వారానికి ఒక్క ఆదివారమే గుర్తు.

తోటలన్నిటికీ కలిపి దొరికే పెద్ద సెలవు మొహర్రం. తెల్లదొరలు దాన్ని కూలీ క్రిస్మస్ అనేవారు. హిందువులూ ముస్లింలూ అందరూ కలిసి తాజియాలు కట్టి, ఊరేగించి, నీళ్లల్లో కలిపేవాళ్లు. పైడమ్మకి ఇందులో కొత్తేం లేదు, మన ఊళ్లల్లో పీర్ల పండక్కి అన్ని కులాలవాళ్లూ గుండం చుట్టూ చేరేవాళ్లే కదా. 1903లో మొహర్రం ఏప్రిల్‌లో పడింది, అంటే ఆమె అక్కడికి చేరాక మొదటి పండగ అదే అవుతుంది. నవలలో ఆమె మొదటిసారి గట్టిగా నవ్వేది ఆ రోజు. కూతుర్ని భుజాల మీద ఎక్కించుకుని తాజియా వెనక నడుస్తుంది.

పక్క లైన్లో ఉన్న తమిళ మనిషితో ఆమె కాపురం ఈ భాగంలోనే మొదలవుతుంది. దాని గురించి ఇప్పుడు ఎక్కువ చెప్పను. మంచివాడే.

జులై చివర

ఎవరి గొంతుతో చెప్పాలి అన్నది తేలింది. పైడమ్మే చెబుతుంది, తన మాటల్లో, తన యాసలో. మామూలు రాత భాషలో చెప్పిస్తే ఆమె చదువుకున్న మనిషిలా వినిపిస్తోంది, నేను ఆమెని గౌరవంగా చూపించాలనుకుని మాట మార్చేస్తే అది గౌరవం కాదు.

నా స్నేహితురాలి అత్తగారిది శ్రీకాకుళం వైపు. రాసిన ప్రతి పేజీ ఆవిడకి ఫోన్‌లో చదివి వినిపిస్తున్నాను. మొదటి రోజు సాంతం విని, "బాగుంది గానీ అమ్మా, సంకన గుంట (ఆడపిల్ల) ఉన్న మనిసి ఇంత నిదానంగా మాటాడతాదేటి?" అన్నారు. ఆ ఒక్క మాటతో పేజీ మొత్తం మారింది. వాక్యాలు పొట్టిగా తెగాయి, మధ్యమధ్యలో పిల్లని అదిలించడం వచ్చి చేరింది. అప్పటినుంచి, "పిన్నిగారూ, ఇలా అంటారా?" అని నేను అడగడం, "అంటారు గానీ కోపంలో అంటారు" అని ఆవిడ సరిచేయడం, రోజూ ఇదే పని.

డిపోలో కొలతలు తీసే చోటు ఇప్పుడు ఇలా ఉంది:

"గోడకి గీతలు గీసున్నాయి. నన్ను ఆ గోడకి ఆనించి నిలబెట్టి నెత్తిమీద సెక్క పెట్టినారు. ఒకడు అంకె సెప్పినాడు, ఇంకొకడు రాసినాడు. నా పొడుగెంతో నాకు సెప్పనేదు. మొకం అటు తిప్పమన్నారు, ఇటు తిప్పమన్నారు. బుగ్గమీద మచ్చకాడ ఏలెట్టి ఏదో అన్నాడు రాసినోడు. అది మచ్చ కాదు బాబూ, వాత. పసితనంలో నాకు దగ్గొస్తే మా యమ్మ పసుపుకొమ్ము కాల్చి పెట్టినాది. పెట్టినాక నాకన్నా ఎక్కువ తనే ఏడ్సిందంట. ఆడికి ఇదంతా నాను సెప్పనేదు, ఆడు అడగనేదు. గుంటని ఎత్తి తిప్పి తిప్పి సూసినారు. దాని ఒంటిమీద ఏటీ నేదు. నాను దానికి వాత పెట్టనియ్యనేదు."

ఆఖరి వాక్యం నేను ముందుగా అనుకున్నది కాదు, రాస్తూ ఉంటే వచ్చింది. గుర్తులు లేవు అని క్లర్కు రాసుకున్న ఖాళీ గడి వెనక, అత్తతో పోట్లాడి పిల్లకి వాత పెట్టకుండా ఆపిన ఒక తల్లి ఉండి ఉండొచ్చు. ఉండే ఉంటుంది, ఎవరో ఒకరు.

ఆగస్టు

ఈ నెలంతా వాంగ్మూలాలు. నాటల్‌లో కూలీల బాగోగులు చూడడానికి ప్రొటెక్టర్ అని ఒక అధికారి ఉండేవాడు. 1872 నాటి కమిషన్ తర్వాత ఏర్పాటైన ఉద్యోగం అది. కూలీలు ఫిర్యాదు చేసుకోవచ్చు. అయితే ఫిర్యాదు చేయడానికైనా సరే, తోట దాటాలంటే యజమాని రాసిచ్చిన పాసు ఉండాలి. ఎవరి మీద చెప్పుకోవాలో ఆ మనిషి దగ్గరే చీటీ తీసుకోవాలి. చీటీ లేకుండా బయల్దేరితే అదే నేరమై జైలు. ఇంత దాటుకుని వెళ్లిన ఆడవాళ్లు ఉన్నారు. వాళ్లు తెలుగులోనో తమిళంలోనో చెప్పిన మాట దుబాసీ నోటి మీదుగా ఇంగ్లీషులోకి వెళ్లి, క్లర్కు చేతిలో పడి, కింద ఆమె వేసిన గుర్తుతో ఫైల్లో చేరేది.

ఆ తరహా కాగితాలు చదివిన కొద్దీ నాకు ఒక విషయం అర్థమైంది, ఈ నవలకి దారి చూపించింది అదే. పైడమ్మ కోసం అదే అచ్చులో ఒక వాంగ్మూలం తయారు చేశాను, చూడండి (సర్దారు అంటే కూలీల మీద మేస్త్రీ):

"నా పేరు పైడమ్మ. నేను ఒప్పంద కూలీని. నాకు ఒక కూతురు ఉంది. ఆ రోజు నాకు జ్వరం. నేను సర్దారుకి చెప్పాను. దొరకి చెప్పలేదు. నాకు దెబ్బలు వీపు మీద తగిలాయి. అప్పుడు అక్కడ వేరే ఆడవాళ్లు ఉన్నారు. అతను నా భర్త కాదు. ఇంతకుముందు నేను ఎప్పుడూ ఫిర్యాదు చేయలేదు. నా దగ్గర పాసు లేదు."

పైపైన చదివితే మనిషి పొంతన లేకుండా మాట్లాడుతున్నట్టు ఉంటుంది. జ్వరం నుంచి దెబ్బలకి, దెబ్బల నుంచి మొగుడికి గెంతుతోంది. కానీ ఎవరైనా తనంతట తానుగా "అతను నా భర్త కాదు" అంటారా? "ఇంతకుముందు నేను ఎప్పుడూ ఫిర్యాదు చేయలేదు" అని అడక్కుండా చెప్పుకుంటారా? ప్రతి వాక్యం వెనకా ఒక ప్రశ్న ఉంది. ప్రశ్న అడిగినవాడు తన ప్రశ్నని కాగితం మీద రాయలేదు, ఆమె జవాబుల్ని మాత్రం అతికించి ఒక కథలా కట్టి ఆమె పేరు పెట్టాడు. అందుకే ఆమె గొంతు అంత తడబడుతున్నట్టు వినిపిస్తుంది.

ప్రశ్నలు తిరిగి పెట్టి చూశాను.

"మరి నీకు జ్వరమైతే దొరకి ఎందుకు చెప్పలేదు?"
"నాను సర్దారుకి సెప్పినాను."
"దొరకి చెప్పావా లేదా?"
"సెప్పనేదు."
"నీతో ఉంటున్న మనిషి నీ మొగుడేనా?"
"నా దెబ్బలకీ ఆడికీ ఏటి సంబంధం బాబూ?"
"అవునా కాదా?"
"కాదు."

ఆఖరి జవాబుకి ముందు ఆమె ఎదురు ప్రశ్న వేసింది. అది కాగితంలో లేదు. ఉండే అవకాశమే లేదు, ఎందుకంటే అడిగేవాడికి పనికొచ్చే జవాబు "కాదు" ఒక్కటే. నేను రాయాల్సింది ఇలా పక్కకి తోసేసిన మాటల్ని. మొన్నటిదాకా మర్చిపోయిన ఆడవాళ్లకి గొంతు ఇవ్వడం అని నేను కూడా అనేదాన్ని, ఇప్పుడు ఆ మాట వాడడం మానేశాను. వాళ్లకి గొంతు ఉంది, వాడారు కూడా, పాసు లేకుండా మైళ్లు నడిచి మరీ వాడారు.

నవల నిర్మాణం దీంతో స్థిరపడింది. ప్రతి భాగం మొదట్లో కాగితం: జాబితాలో ఒక వరస, ఒక వాంగ్మూలం, ఒక ఆస్పత్రి చీటీ. ఆ తర్వాత పైడమ్మ. కాగితం ఎప్పుడూ ఒక పేజీ దాటదు, పైడమ్మకి ఎన్ని పేజీలైనా.

ఆగస్టు, ఆఖరివారం

మొదటి భాగం చదివిన ఇద్దరు స్నేహితులు రెండు వేరు వేరు దారులు చూపించారు. ఒకాయన పైడమ్మ కొడవలి ఎత్తాలంటాడు, సర్దారు మీద తిరగబడాలి, అప్పుడే పాఠకుడికి ఊపు వస్తుందట. ఇంకొకావిడ, అసలు కన్నీళ్లు తక్కువయ్యాయి అంది. ఇద్దరికీ ఓపిగ్గా చెప్పాను. కొడవలి ఎత్తిన ఆడవాళ్లు కోర్టు కాగితాల్లో కనిపిస్తారు, ఉరి వేసుకున్నవాళ్లు మరణాల లెక్కల్లో కనిపిస్తారు, ఆ రెండూ ఎంతో కొంత రాసి ఉన్నాయి. ఐదేళ్లపాటు రోజూ తెల్లవారుజామున లేచి, జావ కాచి, పిల్లని పెద్దావిడ దగ్గర వదిలి, పార పట్టుకుని వెళ్లి, మంచి కలుపు కూర ఏదైనా కనిపిస్తే కొంగున కట్టుకుని వచ్చిన ఆడది ఏ కాగితంలోనూ లేదు. ఎక్కువమంది వాళ్లే. కలుపులో తినే ఆకు ఏదో పోల్చుకోవడం, కొత్త నేల మీద ఊరి ఆకు లాంటిది వెతుక్కోవడం, అది తిని ఎవరికీ ఏం కాలేదని చూసుకుని మర్నాడు పిల్లకి పెట్టడం, నాకు ఇదే సాహసం. దీన్ని పొడుగ్గా, తొందరపడకుండా రాస్తాను.

సెప్టెంబరు

రెండో భాగం. 1907లో ఐదేళ్లు నిండాయి.

ఇక్కడ లెక్క చెయ్యాలి. 1895 నాటి 17వ చట్టం ప్రకారం ఒప్పందం అయిపోయిన కూలీకి మూడే దారులు: తిరిగి ఇండియా వెళ్లిపోవడం, మళ్లీ ఒప్పందం రాయడం, లేదంటే ఏటా మూడు పౌండ్ల పన్ను కట్టి ఉండడం. మూడు పౌండ్లంటే అరవై షిల్లింగులు. ఐదో ఏడు మగవాడికి నెలకి పద్నాలుగు షిల్లింగులు, అంటే అతనికి నాలుగు నెలలకి పైగా జీతం ఈ పన్నుకే పోతుంది. పైడమ్మది అందులో సగం, ఏడు. ఆమెకి ఎనిమిదిన్నర నెలల జీతం. పన్ను మాత్రం ఆడామగా ఇద్దరికీ ఒకటే. జీతం ఇచ్చేటప్పుడు సగం మనిషి, పన్ను దగ్గర పూర్తి మనిషి.

1903లో దీన్ని పిల్లలకీ వర్తింపజేశారు. మగపిల్లలకి పదహారేళ్లు నిండితే, ఆడపిల్లలకి పదమూడు నిండితే. 1902లో మూడేళ్లున్న పిల్లకి 1912కి పదమూడు. నవలకి తేదీలు నేను అమర్చుకున్నవే అయినా ఈ లెక్క వేసిన రాత్రి నిద్ర పట్టలేదు, ఎందుకంటే ఆ వయసు పిల్లలు, ఆ తల్లులు నిజంగా ఉన్నారు. పిల్ల పెద్దమనిషి అయ్యే ఏడే పన్ను నోటీసు వచ్చే ఏడు.

తిరిగి వెళ్లడానికి ఓడ టికెట్ ఉచితమే. పైడమ్మ ఎందుకు వెళ్లదు అన్నది పాఠకుడు అడుగుతాడు. నేను ఆమె చేతే చెప్పిస్తున్నాను: "ఎల్తే మా అత్త గడపలోకి రానిస్తాదా? సముద్రం దాటినదాన్ని. పిల్లకి పెళ్లెవరు సేస్తారు? ఈడ ఎవరూ ఏటీ అడగరు, అడిగితే దొరే అడుగుతాడు." కాబట్టి 1907లో రెండేళ్లకి మళ్లీ ఒప్పందం. 1909లో బయటికి వచ్చి డర్బన్‌కి ఉత్తరాన ఉన్న వెరులం దగ్గర చిన్న నేల చెక్క కౌలుకి తీసుకుని కూరగాయలు వేసి బుట్ట నెత్తిన పెట్టుకుని అమ్ముతుంది. నాటల్‌లో ఒప్పందం తీరిన చాలా కుటుంబాలు నిలదొక్కుకున్నది ఇలా కూరగాయలతోనే, మొక్కజొన్నతోనే. ఆడవాళ్ల బుట్టలు లేకపోతే ఆ లెక్క నడిచేది కాదని నా గట్టి నమ్మకం.

కూతురు ఈ భాగంలో తమిళం మాట్లాడుతుంది. ఇంట్లో మారుతండ్రి తమిళం, వీధి అంతా తమిళం, తెల్లవాళ్లతోనూ జులూ వాళ్లతోనూ ఫనగలో అనే కలగలుపు భాష. తెలుగు తల్లితో పోట్లాడేటప్పుడు మాత్రమే. నిజంగానూ చాలా తెలుగు కుటుంబాలు అలా తమిళంలో కలిసిపోయాయి. తర్వాత ఎప్పుడో 1931లో అక్కడివాళ్లు ఆంధ్ర మహాసభ పెట్టుకుని భాషని నిలబెట్టుకోవాలని చూశారు. అది నా కథ పరిధి దాటిన విషయం, కానీ కూతురి నోట తెలుగు ఎలా సన్నగిల్లుతుందో పేజీ పేజీకీ చూపించాలి. మొదట జానపద పాటలు పోతాయి, తర్వాత చుట్టరికాల పేర్లు, తిట్లు ఆఖరిదాకా ఉంటాయి. పిన్నిగారితో ఈ మాట అంటే ఫోన్‌లో చాలాసేపు నవ్వి, నాలుగు అచ్చమైన శ్రీకాకుళం తిట్లు రాయించారు, అన్నీ వాడేస్తున్నాను.

అక్టోబరు

మేజిస్ట్రేటు అధ్యాయం పూర్తయింది. ఇది నవలకి వెన్నెముక.

1910లో ఒక సవరణ వచ్చింది: తగిన కారణం ఉందనుకుంటే మేజిస్ట్రేటు ఆడవాళ్లకి ఆ పన్ను మినహాయించవచ్చు. అంటే పైడమ్మ వెరులం కోర్టుకి వెళ్లి, కూతుర్ని పక్కన నిలబెట్టుకుని, తన కారణం తగిన కారణమని ఒక దొరని ఒప్పించాలి. కొన్నేళ్ల కిందట ప్రొటెక్టర్ ఆఫీసులో ఎలా అడిగారో ఆమెకి గుర్తుంది. ఆ అనుభవం మీదే ఈ అధ్యాయం నడుస్తుంది. ఈసారి ఆమె ప్రశ్నలన్నీ ముందే ఊహించుకుని వెళ్తుంది. రాత్రి కూతురు దొరలా కూర్చుని అడుగుతుంది, ఈమె జవాబు చెబుతుంది. "నీ మొగుడెక్కడ?" అని పదమూడేళ్ల పిల్ల అడిగే చోట తల్లి చాలాసేపు మాట్లాడదు. ఆ పిల్ల తండ్రి గురించి ఆ ఇంట్లో ఎవరూ అంతవరకూ మాట్లాడుకోలేదు. కోర్టు కోసం మొదలైన ఆట వల్ల కూతురికి మొదటిసారి తన పుట్టుక తెలుస్తుంది, ఆ ఊరు, ఆ ఇల్లు, పులిసిన అంబలి కుండ, వాత పెట్టనివ్వని రోజు, అన్నీ. ఇరవై ఆరు పేజీలు, మొత్తం తల్లీకూతుళ్ల ప్రశ్నలూ జవాబులే, మధ్యలో ఒక్క వర్ణన కూడా పెట్టలేదు.

కోర్టు మాత్రం అర పేజీ. అక్కడ ఫలితం ఏమైందో కాగితం చెబుతుంది, ఒకే వాక్యంలో. పిల్లకి మినహాయింపు ఇచ్చారు, తల్లికి ఇవ్వలేదు, ఎందుకంటే బుట్ట అమ్ముకుంటోంది కాబట్టి కట్టగలదు. దీన్ని ఎలా రాయాలని చాలా రకాలుగా ఆలోచించి ఆఖరికి ఇదే ఉంచాను. ఓడిపోయిందని పూర్తిగా అనలేం. కూతురు బయటపడింది.

ఇంక మిగిలింది 1913. మార్చిలో కేప్ సుప్రీంకోర్టులో జడ్జి సియర్ల్ ఇచ్చిన తీర్పుతో క్రైస్తవ పద్ధతిలో జరగని పెళ్లిళ్లు చెల్లవన్నంత పని అయింది, నవంబరుకల్లా మూడు పౌండ్ల పన్ను మీద సమ్మె బొగ్గు గనుల నుంచి కోస్తా చెరకు తోటలకి పాకింది, మౌంట్ ఎడ్జ్‌కోంబ్ దగ్గర పోలీసు కాల్పుల్లో కూలీలు చనిపోయారు. మరుసటేడు పన్ను రద్దయింది. ఈ ఘట్టాల్లో పెద్ద పేర్లన్నీ చరిత్రలో ఉన్నాయి, వాళ్లెవరినీ నవలలో కనిపించనివ్వను. పైడమ్మకి వాళ్లు తెలిసేది సంతలో వినపడే మాటల్లోనే, తప్పుగా పలికిన పేర్లతో. ఆమెకి సమ్మె అంటే ముందుగా తోటల లైన్లలో రేషన్ ఆగిపోవడం, అంటే రోజూ ఆమె దగ్గర కొనేవాళ్ల చేతిలో డబ్బు లేకపోవడం. అప్పు మీద ఇస్తుందా, బుట్ట వెనక్కి తెచ్చుకుంటుందా, ఇస్తే ఎన్నాళ్లు ఇస్తుంది, తన పన్ను డబ్బు అందులోంచే కదా పోయేది. మొదటి సన్నివేశం ఇదే. రేపు పొద్దున్నే మొదలుపెట్టి, రాసినంతవరకూ సాయంత్రం పిన్నిగారికి చదివి వినిపించాలి. సంతలో అరువు అడిగే మాట ఆ యాసలో ఎలా ఉంటుందో కూడా ఆవిడనే అడగాలి.